పోపులపెట్టె పాఠం

నూనె కాగిన తరువాత ఆవాలు ఎక్కడున్నాయని వెతికే ఇల్లాలు ఉండదు. మూకుడు పొయ్యిమీద పెట్టకముందే పోపులపెట్టె మూత తీసి పక్కన పెట్టుకుంటుంది. ఆవాలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, మినప్పప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు, దేని గిన్నెలో అది. కన్ను మూకుడు మీదనే ఉంటుంది, చెయ్యి మాత్రం వెళ్లి కావలసినదాన్ని పట్టుకుని వస్తుంది. ఇవే సరుకులు మూటలు కట్టి అటకమీద పడేసినా ఇంట్లో ఉన్నట్టే లెక్క. కాని మూట దింపేలోగా పోపు మాడిపోతుంది. సరుకు ఉండడం వేరు, చేతికందే చోట ఉండడం వేరు.

వీడియో ఆటలు తయారుచేసేవారు నేర్చుకోవలసిన విద్యలో సగం ఇదే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు డేటా స్ట్రక్చర్సు. పేరు గంభీరంగా ఉన్నది గాని సారాంశం ఇంతే: ఏ సమాచారాన్ని ఏ పద్ధతిలో సర్దిపెడితే, కావలసినప్పుడు వెతుకులాట లేకుండా దొరుకుతుంది? తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా మేనకోడలు ధర్మమా అని తగులుకున్నది. ఆ సంగతి కాస్సేపాగి మనవి చేస్తాను. ముందు ఒక పాముకథ చిత్తగించండి.

1997లో నోకియావారి 6110 అనే ఫోనులో ఒక పాము ప్రవేశించింది. ఆ ఫోనుకోసం దాన్ని తయారుచేసినవాడు టానెలి అర్మాంటో అనే ఇంజనీరు. ఈ జాతి ఆటలకు మూలపురుషుడు అంతకు చాలా ముందు, 1976లో వచ్చిన బ్లాకేడ్ అనే ఆట. పాము గడిగడికీ జరుగుతూ ఉంటుంది. మేత తింటే ఒక గడి పొడుగు పెరుగుతుంది. తన ఒంటిని తానే తాకితే ఆట సరి. మీలో చాలామంది బస్సుకోసం కాచుకుంటూ దీన్ని ఆడే ఉంటారు.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. 200 గడుల పొడుగున్న పాము ఒక్క అడుగు ముందుకు వెయ్యాలంటే ఎన్ని గడులు మార్చాలి? ఒళ్లంతా కదులుతున్నది కదా, 200 అని తోస్తుంది. నిజానికి రెండే. తల ముందు కొత్త గడి ఒకటి చేర్చాలి, తోక చివర పాత గడి ఒకటి చెరపాలి. నడుమనున్నవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, మన కంటికి మాత్రం పాము పాకినట్టు కనుపిస్తుంది. మేత తిన్నప్పుడు తోక చెరపకుండా ఊరుకుంటే చాలు, పాము దానంతటదే పెరుగుతుంది.

ఒక వైపు చేరడం, రెండో వైపు పోవడం. సినిమా టికెట్ల దగ్గర మనం నిలబడే క్యూ ఇదే, ఆ శాస్త్రంలో దీని పేరూ క్యూయే. కాకపోతే ఇక్కడ పాము తల క్యూకు తోక అవుతుంది, పాము తోక క్యూకు తల అవుతుంది. ఇందులో ఇంకొక మెలిక కూడా ఉన్నది. బల్లమీద వరుసగా కూర్చున్నవాళ్లలో మొదటివాడు లేచిపోతే మిగతావాళ్లందరూ తలా ఒక చోటు జరగవలసి వస్తుంది. మామూలు వరుసలో ముందునుంచి తీసేస్తే కంప్యూటరుకూ అదే అవస్థ. అందుచేత తెలిసినవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఎవరూ జరగరు. "మొదటివాడు ఇతడు" అని చూపించే వేలు మాత్రం ఒక కుర్చీ ముందుకు జరుగుతుంది.

ఇదే పద్ధతి అన్ని ఆటలకూ పనికివస్తుందా అంటే, రాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ టెట్రిస్ ఆటను ఎలక్ట్రోనికా 60 అనే యంత్రంమీద తయారుచేశాడు. దానికి బొమ్మలు వెయ్యడం కూడా రాదు, కుండలీకరణ చిహ్నాలతోనే ఆయన గడులు కట్టాడు. ఆ ఆటలో బావి అడ్డం 10 గడులు, నిలువు 20 గడులు. అక్కడ అడగవలసిన ప్రశ్న "ఎవరు ముందు వచ్చారు?" అన్నది కాదు, "ఈ అడ్డవరుస నిండిందా?" అన్నది. దానికి క్యూ దేనికి? గళ్లకాగితంలాంటి పట్టిక కావాలి. ప్రశ్న మారితే సర్దే తీరు మారుతుంది. ఈ ఒక్క వాక్యం గట్టిగా పట్టుకున్నవాడికి తక్కిన శాస్త్రమంతా దానికి వ్యాఖ్యానంగా కనుపిస్తుంది.

ఇక మా మేనకోడలి సంగతి. కంప్యూటరు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నది. డేటా స్ట్రక్చర్సు పేపరులో క్లాసుకల్లా మొదటిది. వేసవి సెలవుల్లో గోడో అనే సాధనంతో సొంతంగా ఒక ఆట మొదలుపెట్టింది. 2014 నుంచి ఉచితంగా అందరికీ దొరుకుతున్న సాధనం అది. మామిడితోట, దానిమీద పడే కోతుల మంద, ఒడిసెల పట్టుకున్న కాపలా కుర్రవాడు. కోతి కాయను తాకితే కాయ పోతుంది, రాయి కోతిని తాకితే కోతి పారిపోతుంది. పది కోతులతో ఆట చక్కగా నడిచింది. ముచ్చటపడి కోతులూ కాయలూ రాళ్లూ కలిపి వెయ్యి చేసింది. అంతే, గతుకుల బాటలో బండి నడిచినట్టు ఆగి ఆగి నడవసాగింది.

ఎందుకలా జరిగిందో లెక్క చూడండి. ఆట నున్నగా కనుపించాలంటే సెకనుకు 60 బొమ్మలు తెరమీద పడాలి. అంటే ఒక్కొక్క బొమ్మకు దక్కే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. మనం ఒకసారి రెప్పవేసి తెరిచేలోగా కనీసం ఆరు బొమ్మలు గడిచిపోతాయి. ఆ కాస్త వ్యవధిలో "ఎవరు ఎవరిని తాకారు?" అన్నది తేల్చాలి. ఈ పిల్ల ప్రతిదానికీ ప్రతిదానితో జత కట్టి అడిగింది. వెయ్యింటిలో జతలు 4,99,500. సెకనుకు అరవైసార్లు అడిగితే దాదాపు మూడు కోట్ల ప్రశ్నలు. పది ఉన్నప్పుడు జతలు 45 మాత్రమే. వస్తువులు నూరురెట్లు పెరిగితే పని పదకొండువేలరెట్లు పెరిగింది. చాపకింద నీరంటే ఇదే.

మా బావగారు మొదటినుంచీ ఈ ఆటల వ్యవహారానికి విముఖులు. "లక్షలు పోసి చదివిస్తున్నది కోతులను ఆడించడానికా? ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టుకోమనండి, ఉద్యోగమన్నా వస్తుంది" అన్నారు. ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. అప్పు చేసి చదివించే తండ్రి అలాగే అంటాడు. నన్ను కలవరపెట్టింది ఆయన మాట కాదు, ఆ పిల్ల అన్న మాట. "మామయ్యా, నిర్వచనాలన్నీ నాకు వచ్చు. ఇక్కడ ఏది వాడాలో మాత్రం తెలియడం లేదు. ఈ విద్య నాకు అబ్బేది కాదేమో."

పాఠం చెప్పుకుని బతికేవాడి చెవిన పడితే నిద్రపట్టనియ్యని మాట ఇది. తెలియకపోతే నేర్చుకోవచ్చు. తెలిసి ఉండీ, ఆ తెలిసినది అక్కరకు రాక, లోపం తనలోనే ఉన్నదనుకునే పిల్లకు ఏం చెబుతాం?

గట్టెక్కించింది నేను కాదు, వాళ్ల కాలేజీలోనే పై క్లాసు చదువుతున్న ఒక అమ్మాయి. ఆమె ప్రోగ్రాం చూడనేలేదట. ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"తోటలో ఈ మూలనున్న కోతి ఆ మూలనున్న కాయను అందుకోగలదా?"

"అందుకోలేదు."

"మరి ప్రతిసారీ ఎందుకు అడుగుతున్నావు?"

మా పిల్ల ఆ రాత్రే తోటను అడ్డంగా 20, నిలువుగా 20, వెరసి 400 మళ్లుగా విభజించింది. ఏ మడిలో ఎవరున్నారో ఒక జాబితా పెట్టింది. ప్రతి కోతీ తన మడిలోను, చుట్టూ ఉన్న ఎనిమిది మళ్లలోను ఉన్నవాటినే చూసుకుంటుంది. వెయ్యి వస్తువులు సమంగా చెదిరి ఉన్నాయనుకుంటే మడికి రెండున్నర, తొమ్మిది మళ్లకు ఇరవై రెండు ఇరవై మూడు. మొత్తం జతలు సుమారు పదకొండు వేలు. అయిదు లక్షలు ఎక్కడ, పదకొండు వేలు ఎక్కడ! యంత్రం మారలేదు. సరుకు సర్దిన తీరు మారింది, బండి గతుకులు దాటింది.

అయితే కోతులు సమంగా చెదిరి ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు? పండిన చెట్టుమీదికే అన్నీ ఎగబడతాయి. అప్పుడు ఒక్క మడి కిక్కిరిసి, తక్కినవి ఖాళీగా పడి ఉంటాయి, మళ్లీ కథ మొదటికొస్తుంది. దీనికి విరుగుడు 1974లో ఫింకెల్, బెంట్లీ అనే ఇద్దరు పండితులు ప్రతిపాదించిన నాలుగుకొమ్మల చెట్టు. రద్దీ పెరిగిన మడిని నాలుగుగా చీల్చు, అందులో రద్దీ పెరిగినదాన్ని మళ్లీ నాలుగుగా చీల్చు, ఖాళీగా ఉన్నదాని జోలికి పోకు. 1985లో మన రాష్ట్రంలో తాలూకాలను చీల్చి మండలాలు చేశారు చూడండి, ఆ ధోరణి ఇందులో కొంత ఉన్నది.

ఈ విద్యలో నాకు అందరికంటె ఆప్తంగా కనుపించింది హాష్ అనే పద్ధతి. దీన్ని మా అమ్మాయి వివరిస్తూ ఉంటే నాకు సంగీత శాస్త్రం తలపుకు వచ్చింది. కర్ణాటక సంగీతంలో మేళకర్తలు 72. మేళకర్త పేరు చెబితే దాని సంఖ్య చెప్పడానికి మనవారు పట్టిక తిరగెయ్యరు. కటపయాది సూత్రం ఉన్నది. క, ట, ప, య ఈ నాలుగింటినుంచీ ఒకటి మొదలుపెట్టి అక్షరాలకు అంకెలు కట్టారు. పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తీసి తిరగవేస్తే మేళకర్త సంఖ్య వస్తుంది. మేచకల్యాణిలో మ అంటే 5, చ అంటే 6, తిరగవేస్తే 65. వెతకడం లేదు, పేరే తన చిరునామా చెబుతున్నది. హాష్ చేసే పని కూడా సరిగా ఇదే. ఆటలో "కోతి అరుపు" అని పేరు పిలిస్తే, ఆ అక్షరాలనుంచే ఒక సంఖ్య లెక్కగట్టి, ఆ సంఖ్యగల అర తెరుస్తుంది. వెయ్యి అరుపులున్నా తెరిచేది ఒకటే అర.

చిక్కు ఎక్కడ వస్తుంది? రెండు పేర్లకు ఒకే సంఖ్య వచ్చినప్పుడు. అది కూడా మనవారికి ఎదురైనదే. శంకరాభరణం అన్న పేరుకు లెక్క కట్టండి: శ అంటే 5, క అంటే 1, తిరగవేస్తే 15. మాయామాళవగౌళకు కట్టినా మ 5, య 1, అదీ 15. ఒక అరలో ఇద్దరు. అప్పుడేం చేశారు? శంకరాభరణానికి ముందు "ధీర" చేర్చారు. ధ 9, ర 2, తిరగవేస్తే 29, అదే దాని అసలు స్థానం. కంప్యూటరువాళ్లు పేరు మార్చరు. ఒకే అరలో రెండింటినీ చిన్న జాబితాగా ఉంచుతారు, లేదా పక్క అర చూస్తారు. ఉపాయం వేరైనా ఆపద ఒకటే. ఈ మాట చెప్పినప్పుడు మా మేనకోడలి ముఖం వెలిగింది. కాలేజీలో ఇదే పాఠం నాలుగు పేజీలు బట్టీపట్టిందట.

ఇక కోతి కుర్రవాణ్ణి తరుముకురావాలి. దారిలో బావి, కంచె, గుడిసె అడ్డం. దగ్గరి దారి ఏదో ఎలా తెలుస్తుంది? 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో హార్ట్, నిల్సన్, రఫేల్ అనే ముగ్గురు దీనికి ఏ-స్టార్ అనే మార్గం ప్రకటించారు. వాళ్ల ఎదుట ఉన్నది ఆట కాదు, షేకీ అనే మరమనిషి నడక. ప్రతి మలుపుదగ్గరా రెండు లెక్కలు కలుపుతారు: ఇంతవరకు నడిచినదెంత, ఇక నడవవలసినది ఉజ్జాయింపుగా ఎంత. మొత్తం తక్కువ వచ్చిన మలుపునే ముందుగా పరిశీలిస్తారు. ఉజ్జాయింపు అసలు దూరాన్ని మించకుండా ఉంటే దొరికేది నిశ్చయంగా దగ్గరి దారే. ఇక్కడ మామూలు క్యూ చాలదు. ఆసుపత్రిలో ప్రాణంమీదికి వచ్చినవాణ్ణి ముందు లోపలికి పంపినట్టు, ముందు వచ్చినవాడు కాక ముఖ్యమైనవాడు పైకి తేలే క్యూ కావాలి.

ముందుచూపుకు ఉదాహరణ కావాలంటే డూమ్ ఆటను చూడాలి. ఐడి సాఫ్ట్‌వేర్ సంస్థ దాన్ని 1993 డిసెంబరులో విడుదల చేసింది. ఆ కాలపు కంప్యూటర్లమీద, ఆడేవాడు ఎటు తిరిగితే అటు గదులూ గోడలూ కనుపించేలా గీయడం సామాన్యమైన పని కాదు. ఏ గోడ ఏ గోడను కప్పుతుందో క్షణక్షణానికీ తేల్చాలి. దాని ప్రోగ్రామరు జాన్ కార్మాక్ ఇందుకు 13 ఏళ్లనాటి ఒక పద్ధతిని ఆశ్రయించాడు. 1980లో ఫుక్స్, కెడెమ్, నేలర్ అనే ముగ్గురు ప్రకటించిన వ్యాసంలోనిది అది. ఇంటికి నడిమధ్యగా ఒక గీత గీయండి. మీరు తూర్పుభాగంలో ఉంటే, పడమటి భాగంలోని వస్తువేదీ తూర్పుభాగంలోని వస్తువును మీకు కనబడకుండా కప్పలేదు. కనుక తూర్పు ముందు, పడమర తరువాత. మళ్లీ ఒక్కొక్క భాగాన్నీ అలాగే రెండు చెయ్యండి, ఆ సగాలను మళ్లీ రెండు చెయ్యండి. చివరకు ఇల్లంతా ఒక చెట్టవుతుంది. ఆడేటప్పుడు కంప్యూటరు చేసే పనల్లా ప్రతి కొమ్మదగ్గరా "నేను ఏ పక్కనున్నాను?" అని అడగడమే.

ఆ చెట్టును కట్టే శ్రమంతా ఆట తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. దీనికి ఒక మూల్యం లేకపోలేదు. చెట్టు కట్టిన తరువాత గోడలు పక్కకు జరగడానికి వీల్లేదు. అందుకే డూమ్‌లో తలుపులు పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి, పక్కకు మాత్రం తెరుచుకోవు. అది చిత్రకారుడి సరదా కాదు, సర్దిన తీరు విధించిన కట్టడి.

పుస్తకానికీ పనికీ తేడా వచ్చే చోటు కూడా ఒకటి చెప్పాలి. పాఠ్యపుస్తకాలు లింక్డ్ లిస్టును మెచ్చుకుంటాయి. ఒక ఇంట్లో చీటీ తీస్తే తరువాతి చీటీ ఏ ఇంట్లో ఉన్నదో అందులో రాసి ఉంటుంది. నడుమ కొత్త చీటీ చేర్చడం తేలిక. కాని ఆటలు రాసేవాళ్లు సాధారణంగా దాని జోలికి పోరు. యంత్రం జ్ఞాపకంనుంచి ఒక్కొక్క గింజ తెచ్చుకోదు, గుప్పెడు తెచ్చుకుంటుంది. మనం వాడే చాలా కంప్యూటర్లలో ఆ గుప్పెడు 64 బైట్లు. వస్తువులు పక్కపక్కన ఉంటే ఒక్క గుప్పెట్లో పది వస్తాయి, ఊరంతా చెదిరి ఉంటే ప్రతి గింజకూ ఒక ప్రయాణమే. అందుచేత కోతులన్నిటినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం మేలు. నడుమ ఒక కోతి పారిపోతే అందరినీ జరపనక్కరలేదు, చిట్టచివరి కోతిని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెడితే సరి. కోతుల్లో పెద్దాచిన్నా వరుస మనకు అక్కరలేదు గదా!

"ఇవన్నీ ఆ సాధనాల్లోనే అమర్చి ఉంటాయి. ఆ మీదట ఇప్పుడు అడిగితే ప్రోగ్రాం రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. ఇంకా నేర్చుకోవడమెందుకు?" అని కొందరి వాదం. అమర్చి ఉన్నమాట నిజమే. వంటవాణ్ణి పెట్టుకున్నంతమాత్రాన పెళ్లికి ఏమేం వండించాలో వాడు తేల్చడు. ఆట గతుకుతున్నప్పుడు ఎక్కడ గతుకుతున్నదో, ఏ ప్రశ్న అనవసరంగా వేలసార్లు అడుగుతున్నామో కనిపెట్టవలసినవాళ్లం మనమే. కనిపెట్టినవాడికి యంత్రం సేవ చేస్తుంది. కనిపెట్టలేనివాడు యంత్రం రాసిచ్చినదానికి నమస్కారం పెట్టి ఊరుకోవలసిందే.

నేర్పే పద్ధతిలోనే ఒక చిన్న మార్పు కావాలని నా మనవి. మొదట నిర్వచనం, తరువాత లక్షణాలు, తరువాత ప్రయోజనాలు, చివర అయిదు మార్కుల ప్రశ్న. తెలుగులో ఛందస్సుకూ ఇదే గతి పట్టింది. గణాలన్నీ ఒప్పజెప్పే విద్యార్థి, పద్యం చదువుతుంటే ఎక్కడ నడక తప్పిందో చెవితో పట్టలేడు. ముందు నడక తప్పిన పద్యం వినిపించి, "ఎక్కడ కుంటింది?" అని అడిగితే గణాలమీద ఆకలి పుడుతుంది. అలాగే ముందు పాముచేత ఒక అడుగు వేయించమనండి, వెయ్యి కోతులను తోటలో వదలమనండి. కష్టం తెలిసిన తరువాత క్యూ అనే మాట చెబితే, ఆ మాట మందులా పనిచేస్తుంది.

మా మేనకోడలి తోటలో ఇప్పుడు రెండువేల కోతులు. బావగారు ఇంకా మెత్తబడలేదు, ఇంటర్వ్యూల పుస్తకం బల్లమీదనే ఉన్నది. ఆ పిల్ల దాన్నీ చదువుతున్నది, చదవాలి కూడా. కాని "నాకు అబ్బేది కాదేమో" అన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు. మీ ఇంట్లో కూడా ఆట తయారుచేస్తానని కూర్చున్న పిల్లవాడో పిల్లో ఉంటే, "దీనివల్ల ఏమొస్తుంది?" అన్న ప్రశ్న పదిరోజులు వాయిదా వెయ్యండి. "ఎక్కడ ఆగిపోతున్నది?" అని అడిగి చూడండి. జవాబు మీకు సగం అర్థం కాకపోవచ్చు. చెబుతూ చెబుతూ వాళ్లకు మాత్రం అర్థమవుతుంది.